ఎస్‌ఎంపీఎస్ కొనేముందు 12 వోల్టుల గడి చదవండి

గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే స్క్రీన్ నల్లబడి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? చాలామంది విండోస్ మళ్లీ వేస్తారు, ర్యామ్ తీసి తుడిచి పెడతారు, గ్రాఫిక్స్ కార్డ్ పోయిందేమోనని కంగారు పడతారు. కరెంటు చాలకపోయినా ఇలా అవుతుంది, కాబట్టి ముందు ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ భాగాలన్నింటికీ కరెంటు ఇచ్చే పెట్టె, దాని మీదున్న లేబుల్ చదవండి.

ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి, 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ దాదాపు మొత్తం ఈ లైన్ నుంచే లాగుతాయి. అంటే మీకు నిజంగా పనికొచ్చేవి 192 వాట్లే. ఇది కొనేవాళ్లను మోసం చేయడమే. పక్కన ఈ 550 వాట్లది చూడండి: 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు. ఇలా ఉండాలి. రెండు 12 వోల్టుల గడులు కనిపిస్తే మాత్రం వాటిని కూడొద్దు, కింద కలిపి వేసిన వాట్లనే నమ్మండి.

మరి మీకెంత కావాలి? రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న సిస్టమ్ తీసుకుందాం. కార్డుకి 170 వాట్లు, ప్రాసెసర్‌కి 80 దాకా, బోర్డు, ఫ్యాన్లు, డ్రైవులు అన్నింటికీ 50. మొత్తం 300. కార్డు ఒక్కోసారి కొన్ని మిల్లీసెకన్లపాటు దాని లెక్క దాటి లాగుతుంది కాబట్టి మంచి 550 తీసుకోండి. పేరులేని 750 వద్దు.

80 ప్లస్ స్టిక్కర్ కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది, అంతే. ఆ పరీక్ష చేసేది 23 డిగ్రీల దగ్గర. మే నెలలో విజయవాడలో, ఏసీ లేని గదిలో కేబినెట్ లోపలి వేడి వేరు. అందుకే కంపెనీ పేజీలో పూర్తి లోడ్ ఎన్ని డిగ్రీల దాకా ఇస్తుందో వెతకండి. 40 ఉంటే సరే, 50 అయితే ఇంకా మంచిది. ఓవర్ వోల్టేజ్, ఓవర్ పవర్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ టెంపరేచర్ రక్షణలు, కనీసం 5 ఏళ్ల వారంటీ కూడా చూసుకోండి.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనకముందే ఇంటి ఎర్తింగ్ చూపించండి. లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటుకి వేరే దారి ఉండదు, మీ వేలిగుండానే పోతుంది. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే పని దయచేసి చేయకండి.

చివరిగా, కొత్తది బిగించేటప్పుడు పాత మాడ్యులర్ కేబుళ్లన్నీ, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా ఊడొచ్చేవి, పీకేయండి. ప్లగ్ చక్కగా పట్టొచ్చు, కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో రకం, ఒకే కంపెనీలో మోడల్‌కో రకం కూడా. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్లిందంటే, స్విచ్ వేసిన క్షణంలోనే హార్డ్ డిస్క్ కాలిపోతుంది.