రెండు ఊళ్ల హైస్కూలు

హోస్ట్: నమస్కారం. సెప్టెంబరులో మా వాడు తొమ్మిదో తరగతిలో చేరతాడు. అందుకే ఇవాళ న్యూజెర్సీ హైస్కూళ్ల గురించి మాట్లాడుకుందాం. వెస్ట్ విండ్సర్–ప్లెయిన్స్‌బరో స్కూళ్లలో ఇద్దరు పిల్లల్ని చదివించిన అక్క మనతో ఉన్నారు. అక్కా, రెండు ఊళ్లకీ కలిపి ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ ఏంటి?

అక్క: అవును తమ్ముడూ. వెస్ట్ విండ్సర్ మెర్సర్ కౌంటీలో, ప్లెయిన్స్‌బరో మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంటాయి. కౌంటీలు వేరైనా బడులు ఉమ్మడి. ఈ రెండు ఊళ్లూ ఒకప్పుడు పొలాలే. 1973లో ఇప్పుడు సౌత్ అని పిలిచే స్కూలు తెరిచారు, అప్పటికి హైస్కూలు అదొక్కటే. తర్వాత ఇళ్లు, అపార్ట్‌మెంట్లు పెరిగి, పిల్లలు పట్టక 1997లో నార్త్ అని రెండో హైస్కూలు తెరిచారు. ఖర్చులో ఎక్కువ భాగం మనం కట్టే ప్రాపర్టీ టాక్స్ నుంచే వస్తుంది.

హోస్ట్: నడిపేదెవరు?

అక్క: తొమ్మిది మంది ఉండే స్కూల్ బోర్డు. రెండు ఊళ్లవాళ్లూ ఓటేసి ఎన్నుకుంటారు. ఓటు సిటిజన్లకే. కానీ మీటింగుకి ఎవరైనా వెళ్లొచ్చు, మైకు ముందు నిలబడి మాట్లాడొచ్చు. హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నా సరే. మనవాళ్లు ఇల్లు కొనేముందు స్కూలు రేటింగ్ పది చోట్ల చూస్తారు, కొన్నాక బోర్డు మీటింగుకి ఒక్కసారీ వెళ్లరు. నాకు బాధనిపించేది అదే.

హోస్ట్: 2015 గొడవ గురించి చెప్పండి. ఇప్పటికీ అందరూ తలుచుకుంటారు.

అక్క: ఆ ఏడాది అక్టోబరులో డిస్ట్రిక్ట్ బడులన్నిటికీ పెద్ద అయిన సూపరింటెండెంట్ డేవిడ్ అడర్‌హోల్డ్ తల్లిదండ్రులకి 16 పేజీల ఉత్తరం రాశారు. అంతకు ముందు ఏడాది మిడిల్, హైస్కూలు పిల్లల్లో 120 మందిని మానసిక ఆరోగ్య పరీక్షకి పంపాల్సి వచ్చింది, 40 మంది ఆసుపత్రిలో చేరారు. ఒత్తిడి తగ్గించాలని హైస్కూలు మిడ్‌టర్మ్‌లు, ఫైనల్స్ తీసేశారు. కొన్ని రాత్రులు హోంవర్కే లేదన్నారు. చిన్న తరగతుల్లో పిల్లల్ని లెక్కల్లో ముందుకు దూకించే ప్రోగ్రాంని కుదించారు. సంగీతంలో అయితే, సరిగా వాయించడం రాని పిల్లలకి కూడా వాయించే హక్కు ఉందన్నారు.

హోస్ట్: మనవాళ్లు ఒప్పుకోలేదు కదా?

అక్క: అప్పటికే పిల్లల్లో దాదాపు 65 శాతం ఆసియా మూలాలవాళ్లు. ఆ ఇళ్లలో చాలామంది వ్యతిరేకించారు, స్థాయి దించేస్తున్నారని. తెల్లవాళ్లలో ఎక్కువమంది సమర్థించారు. ఒకే ఊళ్లో రెండు పక్షాలు. కానీ మనవాళ్ల భయం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లారకముందే స్టడీ అవరుకి లేచి, ఎంసెట్ ర్యాంకు పట్టుకుని ఇంత దూరం వచ్చినవాళ్లం. ఆ మెట్టు తీసేస్తే పిల్లాడు ఎలా ఎక్కుతాడా అని గుండె జారిపోతుంది. అది అర్థంలేని భయం కాదు. అయినా ఆ ఉత్తరం రాయడం సరైన పనేనని నా నమ్మకం. 40 మంది పిల్లలు ఆసుపత్రిలో పడ్డారని తెలిశాక ఏ పెద్దమనిషైనా ఇంకేం చేయాలి?

హోస్ట్: ఇప్పుడు మా వాడికి హైస్కూల్లో రోజు ఎలా గడుస్తుంది?

అక్క: ఎంపీసీ, బైపీసీ అని ముందే విడదీయరు. ఒకే పిల్లాడు కెమిస్ట్రీ, చరిత్ర, కుండలు చేయడం కలిపి తీసుకోవచ్చు. పీరియడ్ మారితే పిల్లలే గది మారతారు. రాష్ట్రం లెక్కన హైస్కూలు పాసవ్వడానికి కనీసం 120 క్రెడిట్లు, అంటే కోర్సులు పూర్తిచేస్తే వచ్చే పాయింట్లు, కావాలి. జిమ్, హెల్త్ కలిపి వారానికి 150 నిమిషాలు చట్టంలోనే ఉంది. "ఆ టైంలో ఇంకో ఏపీ కోర్సు తీసుకోవచ్చుగా" అని అడిగే నాన్నలు ఉన్నారు. ఏపీ అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. కుదరదు, కుదరకూడదు కూడా. బస్సు సంగతి అడుగుతావేమో, ఇల్లు రెండున్నర మైళ్లు దాటితే బస్సు ఇవ్వడం డిస్ట్రిక్ట్ బాధ్యత.

హోస్ట్: సాయంత్రాలు?

అక్క: అసలు స్కూలు అప్పుడే మొదలవుతుంది తమ్ముడూ. రోబోటిక్స్, నాటకం, డిబేట్, ట్రాక్ అంటే పరుగు పందాలు. శరదృతువులో హోంకమింగ్ అనే స్కూలు పండగ వారం వస్తే రోజుకో వేషం. అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రం చిత్రం. పిల్లలు చాలక 2017లో నార్త్ వర్సిటీ జట్టునే, అంటే స్కూలు ప్రధాన జట్టునే, దింపలేదు. సౌత్‌తో కలిసి ఆడతామని అడిగితే రాష్ట్ర క్రీడా సంఘం ఒప్పుకోలేదు. జట్టుకి సరిపడా పిల్లలు దొరక్కపోవడం నాకు నిజంగా దిగులనిపించింది. ఆడాలని ఆశపడ్డ పిల్లలు ఎక్కడికి పోతారు?

హోస్ట్: తెలుగుకి ఏమైనా చోటుందా?

అక్క: క్లాసు లేదు. కానీ న్యూజెర్సీ ఇచ్చే సీల్ ఆఫ్ బైలిటరసీ ఉంది. ఇంగ్లీషుతో పాటు ఇంకో భాషలో చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చని పరీక్షలో తేలితే ఇస్తారు. ఆ పరీక్ష తెలుగులోనూ ఉంది. మీ డిస్ట్రిక్ట్‌లో కౌన్సెలర్‌ని ముందే అడుగు. ఆఖరి ఏడాదిలో కంగారుపడితే రాయడం పట్టుబడదు. శని, ఆదివారాల తెలుగు బడికి పంపేవాళ్లు మధ్యలో మానిపించకండి.

హోస్ట్: అక్కా, మా వాడు నడుస్తూ వాయించే మార్చింగ్ బ్యాండ్ అంటున్నాడు. ట్రాంబోన్ అనే ఇత్తడి బూర వాయిస్తాడట. వాళ్లమ్మేమో మ్యాథ్ టీం అంటోంది.

అక్క: రెండూ చేయొచ్చు, చాలామంది చేస్తారు. కానీ ముందు బ్యాండ్‌లో చేర్చు. హైస్కూల్లో కొత్త పిల్లాడికి మొదటి రోజున లంచ్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదు. బ్యాండ్ పిల్లలు స్కూలు తెరవకముందే కలుస్తారు కాబట్టి వాడికి ఆ ఇబ్బంది ఉండదు. సీనియర్లు పేరు పెట్టి పిలుస్తారు. మా అమ్మాయి స్నేహాలన్నీ అక్కడ మొదలైనవే.

హోస్ట్: వేసవికి గుంటూరు వెళ్దామనుకుంటున్నాం మరి.

అక్క: బ్యాండ్ క్యాంపు మామూలుగా ఆగస్టులోనే ఉంటుంది. తేదీలు చూసుకోకుండా టికెట్లు కొనకు. మా ఇంట్లో అయితే జూన్‌లో బడి మూసిన వారంలోనే బయల్దేరేవాళ్లం. మామిడిపళ్లు కూడా ఇంకా కొన్ని దొరికేవి.