షటిల్ కోర్టులో పికిల్‌బాల్ ఆడాలంటే

[తెర: సిమెంటు షటిల్ కోర్టు పైనుంచి. గీతల పక్కన కొలతలు పడుతుంటాయి.]

నమస్కారమండి. డబుల్స్ షటిల్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20. పికిల్‌బాల్ అంటే గట్టి బ్యాట్లతో చిల్లుల ప్లాస్టిక్ బంతిని నెట్ మీంచి కొట్టుకునే ఆట; దాని కోర్టు పొడవు కూడా 44 అడుగులు, వెడల్పు 20. అంగుళం తేడా లేదు. రాజమండ్రిలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో ఉండి "మా ఊళ్ళో కోర్టెక్కడుందండి, హైదరాబాద్ వెళ్ళాలి" అనేవాళ్ళ కోసం ఈ వీడియో. కోర్టు మీ వీధి చివర పార్కులోనే ఉంది. కాకపోతే అందులో ఇప్పటికే షటిల్ ఆడుతున్నారు. అసలు చిక్కంతా అక్కడే.

కొలతలు ఊరికే కలవలేదు. 1965 వేసవిలో, అమెరికాలోని సియాటెల్ దగ్గర బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, జోయెల్ ప్రిచర్డ్ అనే ఆయన ఇంట్లో పిల్లలకి ఏమీ తోచడం లేదు. పెరట్లో పాత బ్యాడ్మింటన్ కోర్టుంది, ఆడే సరంజామా లేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి పట్టుకుని మొదలెట్టేశారు. మిత్రులు బిల్ బెల్, బార్నీ మెకల్లమ్ కలిసి తర్వాత రూల్స్ రాశారు. అంటే మనం చేయబోయేది కొత్త ప్రయోగమేం కాదు, ఆట పుట్టిందే అలా.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. మట్టి కోర్టులో ఇది కుదరదు. షటిల్‌లో కాక్ నేల తాకితే పాయింటు అయిపోయినట్టే, కాబట్టి దానికి ఏ నేలైనా ఒకటే. ఇక్కడ బంతి నేల మీద పడి లేవాలి. మన నల్లమట్టి మీద అది చచ్చినట్టు పడుంటుంది. సిమెంటు కావాలి.

[తెర: నెట్ దించుతున్న చేతులు, దగ్గరగా. స్తంభానికి టేపు పట్టి కొలుస్తారు.]

షటిల్ నెట్ మధ్యలో ఐదడుగుల ఎత్తుంటుంది. మనకి అంచుల్లో 36 అంగుళాలు, మధ్యలో 34 చాలు. తాళ్ళు విప్పి కిందికి జార్చి కట్టండి. మధ్యలో రెండంగుళాలు వేలాడాలి కాబట్టి బిర్రుగా లాగి కట్టక్కర్లేదు, ఇదొక్కటే సుఖం. షటిల్ నెట్ జాలీ వెడల్పు 30 అంగుళాలే. దించాక కూడా కింద నాలుగైదు అంగుళాల ఖాళీ ఉంటుంది, బంతి అందులోంచి దూరిపోతుంది. "పైనుంచే వెళ్ళింది" అని ఒకళ్ళు, "కిందనుంచి" అని ఒకళ్ళు. ఈ తగువు తీరాలంటే కింద ఓ పాత చీర ముక్క కట్టేయండి.

గీతల్లో కొత్తగా గియ్యాల్సింది ఒక్కటే. షటిల్‌లో ముందు సర్వీస్ గీత నెట్‌కి ఆరున్నర అడుగుల దూరం. పికిల్‌బాల్‌లో ఏడు అడుగులు. ఆ అరడుగు వెనక్కి, అటూ ఇటూ కొత్త గీత కావాలి. పెయింట్ జోలికి వెళ్ళకండి, మునిసిపాలిటీ కోర్టు మన సొంతం కాదు. ముగ్గుపిండి చాలు. లోపలి సింగిల్స్ గీతలు, వెనక డబుల్స్ సర్వీస్ గీత, ఈ రెండూ కంటికి కనపడనట్టే ఆడాలి.

నెట్‌కి, ఆ కొత్త గీతకి మధ్యనున్న ఏడడుగులని కిచెన్ అంటారు. షటిల్ ఆడి వచ్చినవాళ్ళు ఓడిపోయేది ఇక్కడే. అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు. నేల మీద పడి లేచిన బంతి కోసమైతే నిక్షేపంగా వెళ్ళొచ్చు. గీత తొక్కినా లోపలున్నట్టే లెక్క. ఇంకా దారుణం ఏంటంటే, గీత బయటే నిలబడి స్మాష్ కొట్టి, ఆ ఊపులో ఒక అడుగు లోపలికి వేశారనుకోండి, అవతలివాళ్ళు బంతి తీయలేకపోయినా సరే, ఫాల్ట్ మీదే. కొట్టే ఊపుకి నెత్తి మీద టోపీ జారి కిచెన్‌లో పడ్డా ఫాల్టే! షటిల్ డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ పుట్టిన అమలాపురం పక్క ఊళ్ళవాళ్ళం, నెట్ దగ్గర ఎత్తుగా ఏదైనా కనపడితే చెయ్యి ఊరుకోదు మనకి. ఊరుకోబెట్టడమే సగం ఆట.

[తెర: సర్వీస్, నెమ్మదిగా.]

సర్వీస్ నడుం కిందనుంచి, చెయ్యి పైకి వెళ్తూ, ఎదుటి కోర్టులోకి ఐమూలగా వెయ్యాలి. కిచెన్ దాటి పడాలి, దాని గీత మీద పడ్డా పోయినట్టే. సర్వీస్‌ని అవతలివాళ్ళు ఒక టప్పా పడనిచ్చి తియ్యాలి, వాళ్ళు తిప్పికొట్టిన బంతిని ఇవతలివాళ్ళు కూడా టప్పా పడనిచ్చే తియ్యాలి. ఆ తర్వాత గాల్లో కొట్టుకోవచ్చు. 11 పాయింట్లకి గేమ్, రెండు తేడా ఉండాలి. సర్వీస్ చేసేవాళ్ళకే పాయింటు. డబుల్స్‌లో స్కోరు మూడు అంకెల్లో చెప్తారు: మన పాయింట్లు, వాళ్ళ పాయింట్లు, సర్వీస్ చేసేది మొదటి మనిషా రెండో మనిషా అని. మొదలెట్టేటప్పుడు "సున్నా, సున్నా, రెండు". మామూలుగా జట్టులో ఇద్దరికీ సర్వీస్ వస్తుంది గానీ, ఆట మొదలెట్టే జట్టుకి ఆ మొదటి విడతలో ఒక్క మనిషికే అవకాశం, అందుకని రెండు. రెండు గేములు ఆడితే నోటికి వచ్చేస్తుంది, టెన్షన్ పడకండి.

ఇక అసలు చిక్కుకి వద్దాం.

పొద్దున్నే ఐదున్నరకి వచ్చే షటిల్ బ్యాచ్‌తో కోర్టు కోసం పోటీ పడకండి. ఓడిపోతారు, ఓడిపోవాలి కూడా. లైట్లకి చందాలు వేసుకున్నది వాళ్ళే. వాళ్ళకి పనికిరాని టైము ఒకటుంది, అది అడగండి. కాక్ బరువు సుమారు 5 గ్రాములు, గాలి కాస్త లేస్తే ఎటో కొట్టుకుపోతుంది. అందుకే ఆరుబయట షటిల్ తెల్లారగట్ల ఆడతారు. మన బంతి ఓ పాతిక గ్రాములుంటుంది. గాలి దాన్నీ కదుపుతుంది గానీ ఆట ఆగదు. మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి మళ్ళుతుంది చూడండి, ఎండ తగ్గాక ఆ టైము మనది. బంతి కొనేటప్పుడు 40 చిల్లులది అడగండి, ఆరుబయటకి అదే. 26 చిల్లులది ఇండోర్‌కి.

అడగడం ఇలాగ:

"మాస్టారూ, సాయంత్రం గాలికి మీరెలాగూ ఆడరు కదండీ. ఓ గంట మేం ఆడుకుంటామండి."

"నెట్ మళ్ళీ ఎవడు కడతాడ్రా?"

"మేమే కట్టేసి వెళ్తామండి. ఐదడుగులకి కొలిచి మరీ కడతాం."

ఆ చివరి వాక్యం అనడమే కాదు, చెయ్యాలి కూడా. వాళ్ళు పొద్దున్నే వచ్చేసరికి నెట్ సరిగ్గా లేకపోతే రెండోరోజు మీకు కోర్టు లేదు.

[తెర: బెంచీ మీద వరసగా బ్యాట్లు.]

జనం ఎక్కువైతే అమెరికా పార్కుల్లో చేసే పద్ధతి బాగుంటుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు బ్యాట్ వరసలో పెడతారు. గేమ్ అవగానే నలుగురూ దిగుతారు, వరసలో ముందున్న నాలుగు బ్యాట్లవాళ్ళు ఎక్కుతారు. గెలిచినవాళ్ళు ఉండిపోయే పద్ధతి కొన్నిచోట్ల ఉంది గానీ, ఎనిమిదిమంది కాచుకుని ఉన్నప్పుడు నాకైతే అది అన్యాయమే. కొత్తవాళ్ళు రెండు పాయింట్లు ఆడటానికి అరగంట కూర్చోవాలి.

చప్పుడు సంగతి తేలిగ్గా తీసుకోకండి. గట్టి బ్యాట్ మీద ప్లాస్టిక్ బంతి ఠక్కు ఠక్కుమని దూరం దాకా వినిపిస్తుంది. అమెరికాలో దీని మీద ఇరుగుపొరుగు కోర్టులకెక్కారు, ఆట కోర్టు కాదు, అసలు కోర్టు. పార్కు గోడ పక్కన ఇళ్ళుంటే ఇంటర్ పరీక్షల రోజుల్లో రాత్రి ఆట మానేయండి.

వానాకాలం కోర్టు మీద పాకుడు పడుతుంది. బ్లీచింగ్ చల్లి చీపురుతో రుద్దాకే దిగండి. పెద్దవాళ్ళకి మరొక జాగ్రత్త: నెత్తి మీంచి వెళ్ళే బంతి కోసం వెనక్కి వెనక్కి నడవకండి. పక్కకి తిరిగి పరుగెత్తండి, అందకపోతే వదిలెయ్యండి. ఒక్క పాయింటు కోసం మణికట్టు విరగ్గొట్టుకోవద్దు.

ఇద్దరే వచ్చిన రోజున సగం కోర్టులోనే, నిట్టనిలువుగా ఒక పక్కనే ఆడుకోండి. గురి కుదురుతుంది, ఆయాసం తక్కువ. ఈలోగా మిగతా ఇద్దరూ టీ తాగి వస్తారు.