17 విభాగాలు, 68 బెల్టులు: బాక్సింగ్‌లో ఇంతమంది చాంపియన్లు అవసరమా?

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చకు రాతరూపం. పాల్గొన్నవారు: బాక్సింగ్ కోచ్, క్రీడా జర్నలిస్టు, స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో బరువు విభాగాలు మరీ ఎక్కువైపోయాయా అన్నది ఈరోజు చర్చ. జర్నలిస్టు గారూ, ఎక్కువయ్యాయని గొడవ చేసేది మీరే కాబట్టి మీతోనే మొదలుపెడదాం.

జర్నలిస్టు: గొడవ కాదండీ, లెక్క. 1909లో లండన్ నేషనల్ స్పోర్టింగ్ క్లబ్ ఎనిమిది విభాగాలు ఖరారు చేసింది. ఫ్లై, బాంటమ్, ఫెదర్, లైట్, వెల్టర్, మిడిల్, లైట్ హెవీ, హెవీ. ఇప్పుడు మగవాళ్లకే 17. ఒక్కోదానికి డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు. అంటే ఒకే సమయంలో 68 మంది ప్రపంచ చాంపియన్లు ఉండొచ్చు. అసలు చాంపియన్ ఆడలేనప్పుడు తాత్కాలికంగా ఇచ్చే ఇంటెరిమ్ బెల్టులు కలపకుండానే ఇది. జగదాంబ సెంటర్లో పదిమందిని ఆపి లైట్ హెవీ చాంపియన్ ఎవరని అడగండి, ఒక్కరు చెప్తే...

కోచ్: జగదాంబ సెంటర్లో అసలు బాక్సింగ్ గురించి అడిగితేనే చెప్పరు నాయనా. విభాగాలు ఎనిమిదే ఉన్నా అంతే.

జర్నలిస్టు: సరే గురువుగారూ, ఇది చెప్పండి. అమెరికా బాక్సర్ హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1938లో ఫెదర్, లైట్, వెల్టర్ మూడు టైటిళ్లూ ఒకేసారి పెట్టుకున్నాడు. అప్పుడున్న ఎనిమిదింటిలో మూడు. 126 పౌండ్ల నుంచి 147 దాకా. ఇప్పుడు 122, 126, 130 పౌండ్ల విభాగాలు గెలిచినా 'మూడు విభాగాల చాంపియన్' అనే అంటాం. మధ్యలో తేడా ఎంత? ఎనిమిది పౌండ్లు. మూడున్నర కిలోలు!

కోచ్: మూడున్నర కిలోలంటే తక్కువా? మీరు ఎప్పుడూ రింగ్ బయట కూర్చుని చూస్తారు కాబట్టి అలా అనిపిస్తుంది.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, నిజంగా అంత తేడా ఉంటుందా?

డాక్టర్: మనిషి బరువును బట్టి ఉంటుందండీ. పౌండ్లలో కాదు, శాతంలో చూడాలి. అన్నిటికన్నా కిందిది స్ట్రా వెయిట్, 105 పౌండ్లు. దాని పైది 108. తేడా మూడు శాతం కూడా లేదు. అదే పైకి వెళ్తే లైట్ హెవీ 175, ఆ పైన క్రూయిజర్ 200. అక్కడ 14 శాతం! కాబట్టి విభాగాలు ఎక్కువా తక్కువా అనేకన్నా, ఎక్కడ ఇరుకు, ఎక్కడ ఖాళీ అని అడిగితే నయం. కింద దగ్గరదగ్గరగా పేర్చారు, పైన వదిలేశారు.

జర్నలిస్టు: అదే నేను అనేది. 105, 108, 112, 115, 118. మొదటి ఐదింటి మధ్య మొత్తం తేడా 13 పౌండ్లు. అందులో రెండు తీసేయొచ్చు.

కోచ్: తీసేసేయ్. తీసేశాక 47 కిలోల కుర్రాడు ఎక్కడికెళ్తాడు? మన జాలారిపేట పిల్లల్ని చూడండమ్మా, ఎముక గట్టిది, వేగం ఉంటుంది, కానీ ఎంత తిన్నా 48 దాటరు. వాడిని 53 కిలోల వాడి ముందు నిలబెడితే మొదటి రెండు రౌండ్లు డాన్స్ చేస్తాడు, మూడో రౌండ్‌లో నడుము మీద నాలుగు పడగానే చేతులు కిందికి దిగిపోతాయి. మేరీ కోమ్ ఏం చేసింది? 46, 48 కిలోల్లో ప్రపంచ చాంపియన్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మూడే విభాగాలు పెట్టారు, అన్నిటికన్నా చిన్నది 51. పెద్ద పెద్ద అమ్మాయిలతో కొట్లాడి కాంస్యం తెచ్చింది. ఆమె కాబట్టి తెచ్చింది.

జర్నలిస్టు: అది అమెచ్యూర్ బాక్సింగ్. మనం మాట్లాడేది ప్రొఫెషనల్.

కోచ్: గుద్దు గుద్దే కదా?

వ్యాఖ్యాత: (నవ్వుతూ) ఒక కాల్ ఉంది, తీసుకుందాం. గాజువాక నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా బాబు పద్నాలుగేళ్లు, బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. వచ్చే నెల పోటీలని రెండు కిలోలు తగ్గమన్నారు. రాత్రి అన్నం మానేశాడు. నీళ్లు కూడా తాగట్లేదండీ. నాకు టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: నీళ్లు ఆపొద్దమ్మా. ఇవాళే మొదలుపెట్టించండి. ఎదిగే పిల్లాడు బరువు తగ్గక్కర్లేదు, పై విభాగంలో ఆడితే సరిపోతుంది. ఓడిపోయినా ఫర్వాలేదు. మూత్రం ముదురు రంగులో వస్తుంటే, తల తిరుగుతుందంటే ప్రాక్టీసుకి పంపకండి.

కోచ్: నా పేరు చెప్పి వాళ్ల మాస్టారికి కూడా చెప్పమ్మా, వాడిని పై కేటగిరీలో పెట్టమని.

వ్యాఖ్యాత: కోచ్ గారూ, పెద్దవాళ్లు మాత్రం ఇలాగే తగ్గుతారు కదా. ఎలా చేస్తారో చెప్తారా?

కోచ్: చెప్పకూడదు గానీ అందరూ చేసేదే. మే నెల విశాఖ ఉక్కపోతలో, మధ్యాహ్నం, ప్లాస్టిక్ సూట్ వేసుకుని దాని మీద స్వెట్టర్ వేసుకుని బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ నుంచి పరిగెత్తుతారు. సూట్ విప్పితే చేతుల దగ్గర్నుంచి నీళ్లు ధారగా కారతాయి. ఇంకా తగ్గాలంటే చూయింగ్ గమ్ నములుతూ సీసాలో ఉమ్మి వేస్తారు. వెయిట్-ఇన్‌లో, అంటే ఫైట్ ముందు తూకంలో, యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తే అండర్‌వేర్ కూడా విప్పేసి, ముందు ఇద్దరు తువ్వాలు పట్టుకుంటే కాటా ఎక్కుతారు. పెదాలు పగిలి ఉంటాయి, మాట రాదు. అధికారి సరే అనగానే చూడాలి, ఓఆర్‌ఎస్ సీసా ఎత్తితే దించరు.

డాక్టర్: ప్రొఫెషనల్‌లో కొంప ముంచేది సరిగ్గా అక్కడే. అక్కడ ముందురోజే తూకం. ఫైట్‌కి ఇరవైనాలుగు గంటలు ఉంటుంది, తాగి, తిని మళ్లీ బరువు పెరిగిపోతారు. 2000 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆర్టురో గాటీ, జోయీ గమాష్ ఫైట్. ముందురోజు ఇద్దరూ 141 పౌండ్ల లోపే అన్నారు. ఫైట్ రాత్రి గాటీ దాదాపు 160, గమాష్ 145. రెండో రౌండ్‌లో గమాష్ పడిపోయాడు. మెదడుకు దెబ్బ తగిలి మళ్లీ రింగ్ ఎక్కలేదు. మీరు 17 పెట్టండి, 27 పెట్టండి, తూకం ముందురోజే అయితే ప్రతి ఒక్కడూ తన అసలు బరువుకన్నా రెండు మెట్లు కిందే పోటీ పడతాడు. ఐబీఎఫ్ తన టైటిల్ ఫైట్లకి మర్నాడు పొద్దున్న రెండోసారి తూసే రూల్ పెట్టింది, పది పౌండ్ల కన్నా ఎక్కువ పెరగకూడదని. అది మిగతా మూడు సంస్థలూ ఎందుకు పెట్టలేదు?

జర్నలిస్టు: నేను చెప్తాను. పెద్ద పేరున్న ఫైట్ పోతుందని. టైటిల్ ఫైట్ జరిగితే సంస్థకి ఫీజు వస్తుంది, సాధారణంగా బాక్సర్ పారితోషికంలో మూడు శాతం దాకా. విభాగం ఎక్కువైతే బెల్టు ఎక్కువ, బెల్టు ఎక్కువైతే ఫీజు ఎక్కువ. ఇందులో ఆరోగ్యం ఎక్కడుంది? 2020లో డబ్ల్యూబీసీ బ్రిడ్జర్ వెయిట్ అని ఇంకోటి పెట్టింది, 200 నుంచి 224 పౌండ్లు. అమెరికాలో కుక్క నుంచి చెల్లెల్ని కాపాడిన బ్రిడ్జర్ వాకర్ అనే ఆరేళ్ల పిల్లాడి పేరు అది. పిల్లాడు గొప్పోడే, కాదనను. కానీ 2024 మేలో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ ఎంత బరువుతో హెవీ వెయిట్‌లో టైసన్ ఫ్యూరీని ఓడించాడు? ఆ 224కి అటూఇటూగా. ఫ్యూరీ 262! ఆ బరువు వాళ్లకి ప్రత్యేక రక్షణ కావాలని పెట్టిన విభాగం కదా అది.

కోచ్: ఉసిక్‌ని చూసి రూల్స్ రాస్తారా? ఉసిక్ ఒక్కడే ఉంటాడు.

జర్నలిస్టు: మీరు మేరీ కోమ్‌ని చూసి రాయమన్నారు కదా ఇందాక?

కోచ్: (నవ్వు) ఇదిగో, ఇలా పట్టుకుంటాడు. కాదు బాబూ. మేరీ కోమ్‌కి విభాగం లేకపోతే నష్టం, కింద ఆడటానికి ఇంకో విభాగం లేదు. బ్రిడ్జర్ లేకపోతే ఎవరికి నష్టం? క్రూయిజర్ ఉంది, హెవీ ఉంది. అది నేనూ తీసేస్తాను.

వ్యాఖ్యాత: అమ్మయ్య, ఒకటి కుదిరింది! చివరిగా, ఇంకొకటి తీసేయమంటే?

జర్నలిస్టు: 115. సూపర్ ఫ్లై.

కోచ్: వద్దు. నాలుగు బెల్టుల్లో మూడు తీసేయండి, విభాగాలు ఉన్నవి ఉన్నట్టు ఉంచండి. 2016లో మన విజేందర్ ఢిల్లీలో డబ్ల్యూబీఓ ఆసియా పసిఫిక్ టైటిల్ గెలిస్తే మా కాలనీలో సగం మంది ప్రపంచ చాంపియన్ అయిపోయాడనుకుని స్వీట్లు పంచారు. ఇంటింటికీ వెళ్లి అది ప్రాంతీయ బెల్టే, ప్రపంచ బెల్టు కాదని నేను చెప్పుకొచ్చాను.

డాక్టర్: నేను ఏదీ తీయను. తూకం ఫైట్ రోజు పొద్దున్నకి మార్చండి. ఏది అనవసరమో ఏడాదిలో మీకే కనిపిస్తుంది, అందులో ఆడేవాళ్లు మిగలరు.

జర్నలిస్టు: అలా మారిస్తే మొదట ఖాళీ అయ్యేది నేను చెప్పిన 115 కాకపోతే అడగండి.

కోచ్: 154 పౌండ్ల విభాగం ఖాళీ అవుతుంది. పందెం.

వ్యాఖ్యాత: పందేలు స్టూడియో బయట వేసుకోండి సార్, టైమ్ అయిపోయింది. ముగ్గురికీ ధన్యవాదాలు. గాజువాక అమ్మగారూ, డాక్టర్ గారు చెప్పింది గుర్తుంది కదా, నీళ్లు ఆపొద్దు.