ఆ స్ప్రే బాటిల్ కింద పెట్టండి! మీ మొక్కని చంపుతోంది పురుగు కాదు

సూటిగా చెప్పేస్తాను. మన ఇళ్లలో కుండీల్లో చచ్చిపోతున్న మొక్కల్లో సగానికి సగం పురుగు వల్ల చావట్లేదు, పురుగు చావాలని మనం కొట్టే స్ప్రే వల్ల చస్తున్నాయి. ఇది నా గట్టి నమ్మకం. కోపం వచ్చినవాళ్లు వీడియో చివరిదాకా చూసి అప్పుడు తిట్టండి.

నేను ఏ స్ప్రే గురించి మాట్లాడుతున్నానో మీకు తెలుసు, ఎక్కడ చూసినా అదే తిరుగుతోంది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు, కాస్త వెనిగర్, కాస్త బేకింగ్ సోడా, నీళ్లు పోసి బాగా ఊపి ఆకుల మీద కొట్టెయ్యడం, ఏ పురుగైనా తెల్లారేసరికి మాయం అని చెప్పడం. లక్షల మంది చూశారు. తర్వాత ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగి రాలిపోతుంటే "అయ్యో, పురుగు మొత్తం తినేసిందండీ" అని మెసేజ్‌లు. పురుగు తినలేదండీ! మీరు కాల్చేశారు!

ఒక్కొక్కటీ చూద్దాం. గిన్నెలు తోమే లిక్విడ్ అసలు సబ్బే కాదు, డిటర్జెంట్. జిడ్డు వదలగొట్టడమే దాని పని. ఆకు మీద పల్చటి మైనపు పొర ఉంటుంది, లోపలి నీళ్లు ఆవిరైపోకుండా ఆపేది అదే. డిటర్జెంట్ ఆ పొరని కూడా జిడ్డులాగే చూస్తుంది. సక్యులెంట్ల, అంటే నీళ్లు దాచుకునే దళసరి ఆకుల మొక్కల మీద బూడిద పూసినట్టు నీలంగా ఉంటుంది చూడండి, అది పోయిన ఆకుకి మళ్లీ రాదు. ఇక వెనిగర్. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌తో కలుపు మందు తయారు చేస్తారు, మొక్కల్ని చంపడానికి! దాన్ని తెచ్చి మీరు ప్రాణంగా పెంచుకున్న మొక్క మీద కొడుతున్నారు. పైగా వెనిగర్, బేకింగ్ సోడా కలిస్తే బుసబుసా పొంగి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, చివరికి మిగిలేది నీళ్లు, సోడియం ఉప్పు. ఆ ఉప్పంతా కారి కుండీ మట్టిలోకి దిగుతుంది. ఇది ఎనిమిదో తరగతి కెమిస్ట్రీ. వీడియో తీసేవాళ్లకి తెలియదా?

సరే, పురుగుల కోసమే తయారు చేసే నిజమైన సబ్బు, ఇన్‌సెక్టిసైడల్ సోప్ అని ఒకటి ఉంది, దాని లేబుల్ మీద "ఫ్యాటీ యాసిడ్స్ పొటాషియం సాల్ట్స్" అని రాసి ఉంటుంది. అది పని చేస్తుంది, నేను కాదనట్లేదు. మెత్తటి ఒళ్లున్న పురుగుకి నేరుగా తగిలితే, తడిగా ఉన్నంతసేపు పని చేస్తుంది. ఆరిపోయిందా, దాని పని అయిపోయింది. ఆకు పైన కొట్టి అడుగున వదిలేస్తే సున్నా. మీ ఇంటి నీళ్లు గట్టివైతే నీళ్లలోని కాల్షియం ఆ సోప్‌ని పట్టేసుకుని తెట్టులా చేసేస్తుంది, అప్పుడూ సున్నా. ఇంత షరతులున్న మందునే జాగ్రత్తగా ఒకట్రెండు శాతం కలిపి, ముందు ఒక్క ఆకు మీద కొట్టి, రెండు రోజులు చూసి వాడమంటారు. మరి వంటగది లిక్విడ్‌ని చెంచాల లెక్కన పోసేస్తే?

అసలు నా కోపం అంతా "ఏ పురుగైనా" అన్న ఆ ఒక్క మాట మీద. ఏ పురుగో చూడకుండా మందేంటండీ?

స్పైడర్ మైట్స్ తీసుకోండి, మనం ఎర్రనల్లి అంటాం. అది కీటకమే కాదు. ఎనిమిది కాళ్లు, సాలీడు జాతి. అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆకు మీద సూదితో పొడిచినట్టు పసుపు చుక్కలు, ముదిరితే సన్నటి గూళ్లు. తెల్ల కాగితం మీద ఆకుని తట్టండి, రాలిన చుక్కలు నడుస్తున్నాయా? అదే. వేడిగా, పొడిగా ఉంటే దానికి పండగ, ముప్పై డిగ్రీల దగ్గర వారం తిరిగేలోపు గుడ్డు నుంచి గుడ్డు పెట్టే నల్లి దాకా వచ్చేస్తుంది. అంటే వారానికి ఒక తరం. మీరు ఒక్కసారి స్ప్రే కొట్టి "క్లీన్" అనుకుని పడుకుంటే గుడ్లు నవ్వుకుంటాయి. ముందు షవర్ కింద పెట్టి ఆకుల అడుగు వైపు గట్టిగా కడగండి, అయిదారు రోజులకోసారి, మూడు నాలుగు వారాలు. మామూలు నీళ్లతోనే సగం యుద్ధం అయిపోతుంది.

పిండినల్లి వేరే కథ. ఆకు కాడ మొదట్లో దూది ముక్కలా కనిపిస్తుంది. ఆ దూది నిజానికి మైనం, దాని మీద నీళ్ల స్ప్రే జారిపోతుంది. దానికి కావాల్సింది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్ ముంచి ఒక్కొక్కదాన్నీ తుడవాలి. బోర్ కొడుతుంది, తెలుసు. కానీ ఒక ఆడ పిండినల్లి ఆ దూది సంచిలో వందల గుడ్లు పెడుతుంది, బోర్ కొట్టిందని వదిలేస్తే అన్నీ పిల్లలవుతాయి. ఇంకో మాట, పిండినల్లిలో వేర్లకి పట్టే రకం కూడా ఉంది. పైన ఏమీ లేదు, మొక్క మాత్రం ఎదగట్లేదు అంటే కుండీ లోంచి తీసి వేర్లు చూడండి.

పొలుసు పురుగు ఇంకా ఘోరం, ఎందుకంటే అది పురుగులా కనిపించదు. కొమ్మ మీద గోధుమ రంగు బొడిపె. పెద్దయ్యాక కదలదు, చిప్ప కింద కూర్చుని రసం పీలుస్తుంది, స్ప్రే ఆ చిప్ప మీద పడి జారిపోతుంది. గోటితో గీకితే ఊడొస్తుంది. గీకడమే మందు! అప్పుడే పుట్టిన పిల్లలు పాకుతూ తిరిగే కొద్ది రోజులే స్ప్రేకి దొరుకుతాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఫెర్న్ ఆకుల అడుగున గోధుమ చుక్కలు వరసగా, ముగ్గు చుక్కలు పెట్టినట్టు ఉంటాయి. అవి స్పోర్ల గుత్తులు, విత్తనాల్లాంటివి, ఫెర్న్ సంతానం! వాటిని పొలుసు పురుగు అనుకుని ఆల్కహాల్‌తో తుడిచి, డిటర్జెంట్ కొట్టి, చివరికి మొక్కనే పారేసినవాళ్లు ఉన్నారు. పచ్చపచ్చగా, నిండు ఆరోగ్యంగా ఉన్న ఫెర్న్‌ని! ఒక్క నిమిషం భూతద్దం పెట్టి చూస్తే బతికేది. పురుగైతే ఎక్కడబడితే అక్కడ, కాడ మీద, ఈనె పక్కన అడ్డదిడ్డంగా ఉంటుంది, స్పోర్లు లెక్కగా ఉంటాయి.

తామర పురుగు అంటే థ్రిప్స్ దగ్గరికి వస్తే ఆ స్ప్రే పూర్తిగా ఓడిపోతుంది. ఆకు మీద వెండి గీతలు, వాటి మధ్య నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తాయి, ఆ చుక్కలు దాని మలం. గుడ్లు ఆకు కండ లోపల పెడుతుంది, ఎదిగే దశలో చాలా రకాలు మట్టిలోకి దిగిపోతాయి. ఆకు లోపల కొన్ని, మట్టిలో కొన్ని, మీరు కొట్టేది మాత్రం ఆకు పైన. ఎలా చస్తుంది? బాగా పట్టిన ఆకులు కత్తిరించి కవర్లో కట్టి బయట పడెయ్యండి, నీలం జిగురు అట్టలు పెట్టండి, వారం వారం ఆపకుండా పట్టుకోండి.

పేనుబంక, తెల్లదోమ తేలిక. పేనుబంకకి గట్టి నీటి ధార చాలు. లేత చిగురు మీదే గుంపు కడుతుంది, నత్రజని ఎరువు ఎక్కువ పోస్తే ఇంకా సంబరపడుతుంది. ఆకులు జిగురుగా ఉండి చీమలు బారులు కడితే రసం పీల్చే పురుగు ఎక్కడో ఉన్నట్టే, వెతకండి. తెల్లదోమకి పసుపు జిగురు అట్ట.

ఇక మొహం చుట్టూ తిరిగే ఆ చిన్న నల్ల ఈగలు, ఫంగస్ గ్నాట్స్. వీటి కోసం ఆకుల మీద స్ప్రే కొట్టేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాటి పిల్లలు మట్టిలో ఉన్నాయండీ! పైన రెండు మూడు సెంటీమీటర్ల తడి మట్టిలో బూజు, లేత వేర్లు తింటూ. నీళ్లు తగ్గించి ఆ పై పొర ఎండనివ్వండి. తగ్గకపోతే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు నీళ్లలో కలిపి పొయ్యండి. 1976లో ఇజ్రాయెల్‌లో దొరికిన బ్యాక్టీరియా అది, దోమ పిల్లల్ని, ఈ ఈగ పిల్లల్ని చంపుతుంది, మొక్కకి ఏమీ కాదు. ప్యాకెట్ మీద "ఇజ్రాయెలెన్సిస్" అని ఉండాలి. "కుర్స్టాకి" అని ఉంటే అది గొంగళి పురుగుల మందు, ఇక్కడ పనికిరాదు.

వేపనూనె అభిమానులు ఇప్పటికే కామెంట్లు టైప్ చేస్తుంటారు. మంచిదే, నేనూ వాడతాను. కానీ అది ఒక్క రాత్రి మందు కాదు. అందులోని అజాడిరాక్టిన్ పురుగు తిండి మానేలా, ఎదగకుండా చేస్తుంది, టైమ్ పడుతుంది. కొన్ని సీసాల్లో ఆ అజాడిరాక్టిన్ తీసేసిన నూనె ఉంటుంది, లేబుల్ చదవండి. ఎండలో ఉన్న మొక్క మీద మాత్రం కొట్టకండి, ఆకు మాడిపోతుంది.

ఎక్కువమంది అడిగేది ఇంకొకటి. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు గుళికలు మట్టిలో వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. పేనుబంకకి పని చేస్తుంది. ఎర్రనల్లికి చెయ్యదు, చాలాసార్లు ఆ మందు వేశాక నల్లి ఇంకా పెరుగుతుంది కూడా. మళ్లీ అక్కడికే వచ్చాం చూడండి, ఏ పురుగో తెలియకుండా మందు!

కొత్త మొక్క తెస్తే రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. మిగతావాటి పక్కన పెట్టేసి ఆ తర్వాత బాధపడకండి.

ఇప్పుడు మీ వంతు. కామెంట్లో మొక్క మొత్తం అందంగా కనిపించే ఫోటో నాకు వద్దు. ఆకు అడుగు వైపు ఒకటి, కాడ మొదలు ఒకటి, మట్టి పైభాగం ఒకటి, దగ్గరగా తీసి పెట్టండి. ఆ మూడూ చూడకుండా ఏం కొట్టాలి అని అడిగితే మాత్రం నేను ఒక్క మందు పేరు కూడా చెప్పను.