ఆ ఒక్క ‘అట’ వదలొద్దు

అందరికీ నమస్కారం. హనుమకొండలో ఆన్‌లైన్‌లో తెలుగు రాసేవాళ్లు ఇంతమంది ఉన్నారని ఈ హాలు చూశాకే తెలిసింది. చాలా సంతోషం.

నేను జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. 2021-22 పంటకాలంలో మన మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు రాయడం మొదలుపెట్టాను. అది పూలల్లో దూరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది. కాయ పడని తోటను కళ్లముందే దున్నేసిన రైతులను చూశాను. నాకు తెలిసినదేదో వాళ్లకు పనికొస్తుందనుకున్నాను.

తర్వాత ఒకసారి ఏఐ సాయం తీసుకున్నాను. పురుగు గురించి నేను చెప్పాను, మందుల భాగం అది రాసింది. తెలుగు చక్కగా ఉంది. అలాగే పెట్టేశాను, ఏఐ వాడానని చెప్పలేదు. రెండో రోజు ఒక రైతు ఫోన్ చేశాడు.

“సారూ, గీ మోతాదు మీరు కొట్టి సూసిండ్రా, ఎవలన్నా జెప్పిండ్రా?”

మళ్లీ చదివితే గుండె జారిపోయింది. హెక్టారుకు వాడాల్సిన మందు ఎకరానికి అని పడింది. మన దేశంలో పురుగుమందులకు ఆమోదించిన మోతాదులు హెక్టారు లెక్కన ఉంటాయి. మన రైతు ఎకరాల్లో, గుంటల్లో లెక్కేస్తాడు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే రెండున్నర రెట్ల మందు! డబ్బు దండగ సంగతి అటుంచండి, తామర పురుగును తినే మిత్రపురుగులు కూడా చచ్చిపోతాయి. అప్పుడు దాని ఉధృతి ఇంకా పెరుగుతుంది. పంపు వీపున వేసుకుని కొట్టే మనిషి ఒంట్లోకీ ఆ విషం పోతుంది. వెంటనే తీసేసి, తప్పేమిటో వివరంగా రాసి పెట్టాను. కానీ అప్పటికే ఎన్ని వాట్సాప్ గ్రూపులకు చేరిందో నాకు తెలియదు. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

తప్పు ఏఐది అని నేను అనను. పైన ఉన్నది నా పేరు, నమ్మింది నన్ను. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ 2023లో ఇదే స్పష్టం చేసింది: రాసినదానికి బాధ్యత వహించలేదు కాబట్టి ఏఐ రచయిత కాలేదు, వాడితే ఆ సంగతి చెప్పాలి.

ఆ రైతు ప్రశ్న చూడండి. చూశావా, విన్నావా అని అడిగాడు. మన భాషలో దీనికి ఒక చిన్న మాట ఉంది. కిటికీలోంచి చూసి “వాన పడుతోంది” అంటాం. పరకాల నుంచి ఎవరో ఫోన్‌లో చెబితే “అక్కడ వాన పడుతోందట” అంటాం. చదువురాని అమ్మమ్మ కూడా ఆ ‘అట’ మరిచిపోదు. ఏఐ తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతూ వాక్యం అల్లుతుంది. సరైనదాన్నీ, అల్లినదాన్నీ ఒకే ధీమాతో చెబుతుంది. దాన్ని యథాతథంగా పెట్టినప్పుడు మనం పాఠకుడి దగ్గర ఆ ‘అట’ దాచేస్తున్నాం.

పాలంపేట గుడినే తీసుకోండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. రామప్ప అనే శిల్పి పేరు మీద ఆ గుడికి పేరొచ్చిందట. మొదటిది రాతి మీద ఉంది, రెండోది జనం నోట ఉంది. రెండూ నాకు ఇష్టమే. కానీ రెండింటినీ ఒకే గొంతుతో చెప్పకూడదు.

చదువు విషయంలోనూ అంతే. నా పేరు ముందు లెక్చరర్ అని చూసి మందు గురించీ నన్నే అడుగుతారు. పురుగు శరీరం నాకు తెలుసు, మందు నా చదువు కాదు. ఇప్పుడు ప్రతి పోస్టు మొదట్లోనే, చివర్లో చిన్న అక్షరాల్లో కాదు, ఇలా రాస్తున్నాను: “పురుగు గుర్తులు నేను తోటలో చూసి రాశాను. వాక్యాలు ఏఐతో సరిచేయించి, మళ్లీ చదివాను. మోతాదు రాయలేదు, మీ ఏఈఓను (వ్యవసాయ విస్తరణాధికారిని) అడగండి, డబ్బా మీది లేబుల్ చూడండి.”

ఇలా చెబితే ఎవరు చదువుతారని కొందరు మిత్రులు అన్నారు. తెలుగు టైపింగ్ రానివాళ్లు, వాక్యం కుదరక ఇబ్బంది పడేవాళ్లు ఏఐ సాయం తీసుకుంటే సిగ్గుపడాల్సిన పని లేదు. వాళ్ల దగ్గరున్న అనుభవం బయటికి రావడమే నాకు ముఖ్యం. చదివేవాళ్లు కొంత తగ్గినా ఫర్వాలేదు. ఫోన్ చేసిన ఆ రైతు ఇప్పటికీ చదువుతున్నాడు. పోయిన నెల తన తోటలో పూత ఫొటోలు పంపి, “ఇది నేను సూసిందే సార్, రాయుండ్రి” అన్నాడు. ఆయన చూసినదేనని చెప్పి రాశాను.

ఇక మీరు అడగండి. పురుగు గురించి తెలిసినంత చెబుతాను. మోతాదు అడిగితే మాత్రం మీ ఊరి ఏఈఓ దగ్గరికే పంపిస్తాను.