వందల గడిలో ఏముంది?

శ్రోతలకు నమస్కారం. మీ ఇంట్లో రెండో తరగతో మూడో తరగతో చదివే పిల్లలుంటే ఒక తెల్లకాగితం, కత్తెర దగ్గర పెట్టుకోండి. కాగితాన్ని పది చీటీలుగా కత్తిరించి, సున్నా నుంచి తొమ్మిది దాకా చీటీకొక అంకె రాయండి. మడిచి గిన్నెలో వేయండి. ఆడే ఇద్దరూ తమ తమ పలకల మీద పక్కపక్కన మూడు గళ్లు గీసుకోవాలి. ఎడమ గడి వందలది, మధ్యది పదులది, కుడిది ఒకట్లది. వంతులవారీగా ఒక్కో చీటీ తీసి, వచ్చిన అంకెను ఏదో ఒక గడిలో రాయాలి. రాశాక చెరపకూడదు. తీసిన చీటీ మళ్లీ గిన్నెలో వేయకూడదు. ఎవరి సంఖ్య పెద్దదైతే వాళ్లదే గెలుపు.

అక్కా తమ్ముడూ ఆడుతున్నారనుకుందాం. అక్కకు ముందు ఆరు వచ్చింది. వందల గడిలో రాసేసింది. తమ్ముడికి మూడు. చిన్నదే కదా అని ఒకట్లలోకి తోశాడు. అక్కకు ఈసారి తొమ్మిది! ఏం లాభం, వందల గడి నిండిపోయింది. పదుల్లో రాసుకుంది. తమ్ముడికి ఏడు, నేరుగా వందల్లోకి. అక్కకు ఎనిమిది. తమ్ముడికి, పాపం, సున్నా. అక్కది 698. తమ్ముడిది 703.

ఇక్కడ గొడవ మొదలవుతుంది. "నాకు తొమ్మిదీ ఎనిమిదీ ఉన్నాయి, వాడికి సున్నా, మూడే కదా!" అంటుంది అక్క. ఆ గొడవ రావాలి. రాగానే "ఎడమ నుంచి చూడాలమ్మా" అని సూత్రం చెప్పి నోరు మూయించకండి. డబ్బు లెక్కలోకి దించండి. కాగితం ముక్కల మీద 100, 10, 1 అని రాసి ఆట డబ్బులు చేయండి. అక్కకు వంద నోట్లు ఆరు, పది రూపాయల నోట్లు తొమ్మిది, రూపాయలు ఎనిమిది. మొత్తం 23 ముక్కలు. తమ్ముడికి వంద నోట్లు ఏడు, రూపాయలు మూడు. అంతా కలిపి పది ముక్కలే. ఆ కుప్పలు చూసి పిల్లలు మళ్లీ అక్కదే ఎక్కువంటారు. అప్పుడు అడగండి: "వంద నోట్లు పక్కన పెట్టు. మిగిలినవన్నీ ఇచ్చేసి ఇంకో వంద నోటు తెచ్చుకోగలవా?" లెక్కపెడుతుంది. 98. రెండు రూపాయలు తక్కువ. పోనీ, ఒకట్లలోనూ తొమ్మిదే ఉందనుకుందాం. 99. ఇంకా రూపాయి తక్కువే. రెండు గళ్లనూ తొమ్మిదులతో నింపినా ఒక్క వందకు అందదు. అందుకే వందల దగ్గర తేడా వచ్చాక కుడివైపు ఏముందో చూడనక్కర్లేదు. వందలు సమానమైతేనే పదులకు వెళ్లాలి, పదులూ సమానమైతేనే ఒకట్లకు.

మరి పిల్లలు కుడి నుంచి ఎందుకు మొదలుపెడతారు? కూడికా తీసివేతా మనం ఒకట్ల నుంచే నేర్పాం. చేయి అటే పోతుంది. కూడికకు కుడి నుంచి, పోలికకు ఎడమ నుంచి. మరోసారి చెబుతున్నాను: కూడికకు కుడి, పోలికకు ఎడమ.

ఇంకో చిక్కు. 1,245 కింద 987 రాయమంటే కొందరు ఎడమ అంచు కలిపి రాస్తారు. ఒకటి కింద తొమ్మిది పడుతుంది. ఇంకేముంది, 987 పెద్దదైపోతుంది. గళ్ల నోటుబుక్కులో ఒకట్ల కింద ఒకట్లు పడేలా రాయించండి. 987కు వేల గడి ఖాళీ అని కంటికే కనిపిస్తుంది.

మన భాషలోనూ చిన్న మెలిక ఉంది. 'మూడు వందల ఐదు' అన్నప్పుడు వంద అనే మాట వినబడుతుంది. 'నూట ఐదు' అన్నప్పుడు వినబడదు. నూట అంటే వందే అని విడిగా చెప్పాలి. చెప్పినా కొందరు 100 రాసి పక్కన 5 పెట్టి 1005 చేస్తారు. సంఖ్యే తప్పుగా రాస్తే పోలిక ఎలా కుదురుతుంది? 100 అని రాసిన పొడుగు చీటీ మీద, కుడి అంచు కలిపి, 5 అని రాసిన చిన్న చీటీ పెట్టండి. ఐదు చివరి సున్నాను కప్పేస్తుంది. మిగిలేది 105.

పెద్దది, చిన్నది గుర్తులకు మాత్రం తొందరపడకండి. నోరు తెరిచిన మొసలి పెద్దదాన్ని తింటుందని నేర్పితే గుర్తు సరిగ్గానే పెడతారు, చదవమంటే తడబడతారు. పెట్టిన ప్రతిసారీ పూర్తి వాక్యం చదివించండి: "703, 698 కంటే పెద్దది."

రేపు అదే ఆటను తిప్పి ఆడండి, చిన్న సంఖ్య వచ్చినవాళ్లు గెలిచేలా. ఎవరో ఒకరు సున్నాను తీసుకెళ్లి వందల గడిలో పెడతారు. 047. చదవమనండి. "నలభై ఏడు" అంటారు. మూడు గళ్లు నిండాయి, సంఖ్య మాత్రం రెండంకెలదే! ఇది చెల్లుతుందా లేదా అన్నది చీటీలు తీయకముందే తేల్చుకోండి. నమస్కారం.