కార్ల ఫ్యాక్టరీ ఆగిపోయిన ఊళ్లో పక్కింటి పెద్దాయన

ఇక్కడి తెలుగువాళ్లందరికీ నమస్కారం. నేను ఆస్ట్రేలియాలో ఈ అడిలైడ్‌కి వచ్చింది 2014లో, సాల్స్‌బరీలో ఒక చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మాకు అలారం అక్కర్లేదు అప్పట్లో, ఎందుకంటే పక్కింటి పెద్దాయన తెల్లారకముందే కారు తీసేవాడు, ఆ ఇంజిన్ చప్పుడుకే మెలకువ వచ్చేసేది. ఆయన పనిచేసేది ఎలిజబెత్‌లో హోల్డెన్ కార్ల ఫ్యాక్టరీలో, బాడీ షాప్‌లో, ముప్పై ఏళ్లకి పైగా అదే గేటు, అదే పార్కింగ్. 2017 అక్టోబర్ 20న ఆ ఫ్యాక్టరీలో చివరి కారు బయటికొచ్చింది, ఎర్ర కమడోర్, మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. ఆ తర్వాత సోమవారం పొద్దున మాకు మెలకువ రాలేదు, పిల్లాడికి స్కూల్ లేటయింది.

ఈ పూట మాట్లాడాలనుకున్నది దాని గురించే. ఒక ప్రాంతం మొత్తం కార్ల మీద బతికినప్పుడు ఆ కార్లు పోతే తర్వాతేంటి అని ప్లాన్ చేయడం ఎలా ఉంటుంది, ఎవరి కోసం చేస్తారు, ఎప్పుడు చేస్తారు. ఇది ఎక్కడో తెల్లవాళ్ల సంగతి, మనకెందుకు అనుకోకండి, మాది హిందూపురం వైపు, ఆ మాట ఎందుకు చెప్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు అసలు ఎందుకు ఆగిపోయాయో రెండు ముక్కల్లో. ఆస్ట్రేలియాలో 1980ల మధ్యలో బయటి కార్ల మీద సుంకం 57.5 శాతం ఉండేది, అది మెల్లమెల్లగా తగ్గుతూ 2010కి 5 శాతానికి వచ్చింది. 2005లో థాయ్‌లాండ్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, ఆ తర్వాత మైనింగ్ జోరు మీద ఇక్కడి డాలర్ విలువ అమెరికా డాలర్‌ని దాటేసింది, అంటే ఇక్కడ చేసిన కారు బయట అమ్మాలంటే మండిపోయే రేటు. జనం కూడా పెద్ద సెడాన్లు వదిలేసి ఎస్‌యూవీల వైపు వెళ్లారు. 2013 మేలో ఫోర్డ్ వెళ్లిపోతున్నాం అంది, డిసెంబర్‌లో హోల్డెన్, 2014 ఫిబ్రవరిలో టొయోటా, తొమ్మిది నెలల్లో మూడూ చెప్పేశాయి. ఒకటి పోతే మిగతావి నిలబడలేవు, ఎందుకంటే సీట్లు, అద్దాలు, బంపర్లు చేసి ఇచ్చే చిన్న కంపెనీలు ముగ్గురికీ ఒకటే, ఒక పెద్ద గిరాకీ పోతే ఆ చిన్న కంపెనీకి గిట్టుబాటు కాదు. మొత్తం మీద 40 వేల మంది దాకా పని పోవచ్చని 2014లో ఇక్కడి ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ లెక్క వేసింది, అందులో కార్ల కంపెనీల గేటు లోపల ఉన్నవాళ్ల కంటే గేటు బయట ఉన్నవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు అడిలైడ్‌లోనే రెండు చోట్లు చెప్తా, ఒకటి సిటీకి దక్షిణాన టాన్స్లీ, ఇంకోటి ఉత్తరాన ఎలిజబెత్.

టాన్స్లీలో మిత్సుబిషి ఉండేది, అంతకు ముందు క్రైస్లర్. 2008 ఫిబ్రవరి 5న మూసేస్తున్నాం అన్నారు, మార్చి 27న మూసేశారు. ఏడు వారాలు, అంతే. దాదాపు 930 మంది. ఏడు వారాల్లో మనిషి ఏం చేయగలడు చెప్పండి, ఇంటికెళ్లి పెళ్లాంతో ఎలా చెప్పాలో ఆలోచించుకునేసరికే ఒక వారం పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తర్వాత సాయాలు, స్కీములు, కౌన్సెలింగ్ అన్నీ వచ్చాయి. ఆండ్రూ బియర్ అనే ప్రొఫెసర్ తన టీమ్‌తో కలిసి ఆ పనివాళ్లని కొన్నేళ్లు వెంబడి ఉండి చూశాడు, ఏం తేలిందంటే సుమారు మూడో వంతు మందికి ఫుల్‌టైమ్ పని దొరికింది, ఇంకో మూడో వంతు మందికి పని లేదు, ఉన్నా సరిపడా గంటలు లేవు, మిగతా మూడో వంతు పని వెతకడమే మానేశారు. మూడో భాగం ఇళ్లలో కూర్చుండిపోయారండి. సెటిల్‌మెంట్ డబ్బులొస్తే చాలామంది చేసేది ఇంటి లోన్ తీర్చేయడం, మనమైనా అదే చేస్తాం, కానీ లోన్ తీరిన ఇంట్లో యాభై రెండేళ్ల మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేయాలి అన్న ప్రశ్నకి ఏ బ్యాంకులోనూ జవాబు లేదు.

అయితే టాన్స్లీ స్థలం కథ వేరే, అది చాలా బాగా నడిచిన కథ. 2010లో రాష్ట్ర ప్రభుత్వమే ఆ 61 హెక్టార్లు కొనేసింది. మామూలుగా అయితే ఏం జరుగుతుంది, ప్లాట్లు వేసి అమ్మేస్తారు, ఒక మూల షాపింగ్ మాల్, ఒక మూల గోడౌన్లు. ఇక్కడ అలా చేయలేదు. కార్లు బిగించే ఆ మహా పెద్ద షెడ్డుని కూల్చకుండా పైకప్పు, ఉక్కు స్తంభాలు అలాగే ఉంచారు, గోడలు మాత్రం విప్పి లోపల చెట్లు పెట్టి, పైన సోలార్ పలకలు పరిచి, కింద చిన్న చిన్న భవనాలు కట్టుకోనిచ్చారు. ఎవరు పడితే వాళ్లని రానివ్వలేదు, ఆరోగ్య పరికరాలు, క్లీన్ ఎనర్జీ, సాఫ్ట్‌వేర్, మైనింగ్ సర్వీసులు, ఈ నాలుగు రకాల వాళ్లకే పెద్దపీట. టేఫ్ వచ్చింది, అంటే మన పాలిటెక్నిక్ లాంటిది, సీమెన్స్ వచ్చింది, 2015లో ఫ్లిండర్స్ యూనివర్సిటీ వచ్చింది. ఎప్పుడైనా ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లండి, ఆ కప్పు కింద కాఫీ తాగుతూ పైకి చూస్తే ఒకప్పుడు ఇక్కడ లైన్ కదిలేదని తెలిసిపోతుంది, నాకు ప్రతిసారీ గుండె నిండినట్టు ఉంటుంది.

కానీ తేదీలు చూడండి. మూసింది 2008, యూనివర్సిటీ వచ్చింది 2015. ఏడేళ్లు. ఆ రోజు యాభై రెండేళ్లున్నవాడికి అప్పటికి యాభై తొమ్మిది. ఒక స్థలం ఏడేళ్లు ఓపిక పట్టగలదు, గడ్డి మొలుస్తుంది, మళ్లీ కోస్తారు, మనిషి అలా పట్టలేడు. ఆ కొత్త భవనాల్లో వచ్చిన ఉద్యోగాలు పెయింట్ షాప్‌లో పనిచేసినవాడికి వచ్చేవి కావు, వాళ్ల పిల్లలకి రావచ్చు, మన పిల్లలకి వచ్చాయి కూడా. నేను గట్టిగా నమ్మేది ఇదే, స్థలానికి ప్లాన్ వేరు, మనుషులకి ప్లాన్ వేరు, రెండూ ఒకే కాగితం మీద రాసి ఫొటో తీసుకుంటే మనుషుల ప్లాన్ ఎప్పుడూ వెనకపడుతుంది.

ఎలిజబెత్‌లో దీనికి తిరగేసి జరిగింది. అక్కడ టైమ్ ఉంది, 2013 డిసెంబర్ నుంచి 2017 అక్టోబర్ దాకా దాదాపు నాలుగేళ్లు. ఆ ఊరే కార్ల కోసం, ఫ్యాక్టరీల కోసం కట్టిన ఊరు, 1955లో రాష్ట్ర ప్రభుత్వ హౌసింగ్ ట్రస్ట్ కట్టింది, ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వలస వచ్చినవాళ్లకి ఇళ్లు ఇచ్చి పని ఇచ్చారు. మా పక్కింటి పెద్దాయన కూడా నాలుగేళ్ల పిల్లాడిగా అలా వచ్చినవాడే, మనలాగే వలస వచ్చినవాడు, మొహం చూసి మనం అనుకోం గానీ.

ఆ నాలుగేళ్లలో ఫ్యాక్టరీ లోపలే ఒక ట్రాన్సిషన్ సెంటర్ పెట్టారు, జీతం వస్తుండగానే కొత్త పని నేర్చుకోవచ్చు. పెద్దాయన మొదట్లో వెళ్లలేదు, నా వయసుకి మళ్లీ బడా అన్నాడు. ఆయన్ని కదిలించింది క్లాసులు కాదు, ఒక చిన్న సంగతి. ముప్పై ఏళ్లు వెల్డింగ్ రోబోల పక్కన నిలబడిన మనిషి, చప్పుడు విని ఏ టిప్ అరిగిందో చెప్పేవాడట, కానీ ఆ పని వచ్చని చెప్పే ఒక్క కాగితం ఆయన దగ్గర లేదు. బయటికెళ్లి నాకు మెషీన్ మెయింటెనెన్స్ వచ్చు అంటే ఎవడు నమ్ముతాడు. ఇక్కడ ఒక పద్ధతి ఉంది, ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి దానికి సర్టిఫికెట్ ఇస్తారు, కోర్సు మొదట్నుంచి చదవక్కర్లేదు. అది చేయించుకున్నాడు. ఆ కాగితం వచ్చిన రోజు మా గుమ్మం ముందుకొచ్చి చూపించాడు, లామినేషన్ కూడా చేయించుకొచ్చాడు.

ఇప్పుడు ఆయన వర్జీనియాలో ఒక కూరగాయల ప్యాకింగ్ షెడ్‌లో మెషీన్లు చూస్తాడు. ఈ వర్జీనియా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఉత్తర అడిలైడ్ ప్లాన్‌లో నాకు బాగా నచ్చింది అదే. ఎలిజబెత్‌కి పక్కనే, టమాటా, కీరా, క్యాప్సికం గ్రీన్‌హౌస్‌లు కిలోమీటర్ల కొద్దీ. బోలివర్‌లో సిటీ మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ ఉంది, ఒకప్పుడు ఆ నీళ్లు సముద్రంలోకి పోయేవి, 1999 నుంచి పైప్‌లైన్ వేసి ఆ నీళ్లనే తోటలకి ఇస్తున్నారు, తర్వాత దాన్ని ఇంకా పెంచారు. అంటే వాళ్లు ఆకాశంలోంచి ఇంకో కార్ల కంపెనీ దిగుతుందని ఎదురుచూడకుండా ఊళ్లో అప్పటికే ఉన్నదేంటి అని చూసుకున్నారు. తోటలున్నాయి, ఎడిన్‌బరో ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉంది, లయల్ మెక్‌యూవిన్ ఆసుపత్రి ఉంది, అందులో మనవాళ్లు ఎంతమంది పనిచేస్తున్నారో మీకు తెలుసు, అటు ఆస్‌బోర్న్‌లో ఓడలు కట్టే యార్డు ఉంది. రాష్ట్ర ప్రభుత్వం, అక్కడి మూడు కౌన్సిళ్లు కలిసి కూర్చుని 2016లో ఉత్తర ప్రాంతానికని ఒక ప్లాన్ పెట్టారు, నార్తర్న్ కనెక్టర్ రోడ్డు, ఆ పదిహేనున్నర కిలోమీటర్లు, ఆ రోజుల్లో మొదలైందే, మనం ఇప్పుడు పోర్ట్ వైపు దానిమీదే దూసుకెళ్తున్నాం.

హోల్డెన్ స్థలాన్ని మాత్రం ఒక ప్రైవేట్ డెవలపర్ కొన్నాడు, 123 హెక్టార్లు, బిజినెస్ పార్క్ చేశారు. 2018లో సోనెన్ అనే జర్మన్ కంపెనీ అక్కడే ఇంటి బ్యాటరీలు బిగించడం మొదలుపెడితే పేపర్లన్నీ రాశాయి. మంచిదే, కానీ నా అభిప్రాయం చెప్పమంటే ఇలాంటి రిబ్బన్ కటింగులకి ఇచ్చినంత వార్త ఆ సర్టిఫికెట్లకి ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వాల్సింది.

ఇంకో బాధ కూడా ఉంది. హోల్డెన్ పనివాళ్లకి ఆ నాలుగేళ్లు, ఆ సెంటర్, మంచి సెటిల్‌మెంట్ అన్నీ అందాయి, యూనియన్ గట్టిది. విడిభాగాలు చేసే చిన్న యూనిట్లలో ఉన్నవాళ్లకి, లేబర్ కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లకి ఆ మాత్రం అందలేదు. ప్లాన్ ఎప్పుడూ పెద్ద బోర్డు ఉన్న గేటు దగ్గరే ఆగిపోతుంది.

వేరే చోట్ల కూడా చూశా. ఇక్కడే పక్క రాష్ట్రం విక్టోరియాలో జీలాంగ్‌కి ఫోర్డ్ 1925లో వస్తే 2016లో వెళ్లింది, అక్కడ ప్రభుత్వం ఏం చేసిందంటే తన ఆఫీసుల్నే పంపింది, వికలాంగుల బీమా ఏజెన్సీ హెడ్ ఆఫీస్, పనిచోట భద్రత చూసే వర్క్‌సేఫ్, ఇవి ఇప్పుడు జీలాంగ్‌లోనే, ఊరి సెంటర్ మళ్లీ కళకళలాడింది. జర్మనీలో బోహుమ్ అని ఒక ఊరు, బొగ్గు గనులు మూతపడ్డ చోటే 1962లో ఒపెల్ కార్ల ఫ్యాక్టరీ పెట్టారు, ఒక దశలో 20 వేల మందికి పైగా పనిచేశారు, 2014 డిసెంబర్‌లో అదీ పోయింది. పాత ఆఫీస్ భవనం ఒక్కటి గుర్తుగా ఉంచి మిగతా చోట యూనివర్సిటీ ల్యాబులు, పార్శిల్ సెంటర్ వచ్చాయి. ఒకే నేల మీద రెండుసార్లు పోయి మూడోసారి లేస్తోంది, అందుకే ఈసారి వాళ్లు ఒక్క కంపెనీకి మొత్తం ఇవ్వలేదు.

ఇప్పుడు మా ఊరి సంగతి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు చేస్తోంది, ఏడాదికి మూడు లక్షల కార్ల కెపాసిటీతో పెట్టారు. మా చిన్నప్పుడు ఆ రోడ్డు మీద వేరుశెనగ చేలు, ఎండిపోయిన చెరువులు తప్ప ఏం కనపడేది కాదు, ఇప్పుడు గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్లు, కొరియన్ బోర్డులు, చుట్టూ విడిభాగాల యూనిట్లు. నాకు చాలా సంతోషం, వలసపోయిన జిల్లాకి పని వచ్చింది. ఆ ఫ్యాక్టరీ వందేళ్లు నడవాలి అనే కోరుకుంటా. కానీ పక్కనే మద్రాసు దగ్గర మరైమలై నగర్‌లో 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇక కార్లు చేయం అంటే, మరుసటి ఏడాదికల్లా లైన్ ఆగిపోయింది, అది కూడా నిన్న మొన్న వచ్చిన చిన్న కంపెనీ కాదు. కరెంటు కార్లు వస్తున్నాయి, ఇంజిన్ భాగాలు, సైలెన్సర్లు చేసే యూనిట్‌కి పదేళ్ల తర్వాత గిరాకీ ఎక్కడుంటుంది. ఈ ప్రశ్న ఫ్యాక్టరీ బాగా నడుస్తున్నప్పుడే అడగాలి, మన యూనిట్లకి రెండో కస్టమర్ ఉన్నాడా, కంపెనీ వెళ్తే భూమి ఎవరిది, కాంట్రాక్ట్ పిల్లలకి వచ్చిన పనికి కాగితం ఉందా. అపశకునం అంటారు మా ఊళ్లో, తెలుసు నాకు. ఇంటికి ఇన్సూరెన్స్ కట్టడం అపశకునం కాదు కదా.

మా అన్న కొడుకు అక్కడే ఒక యూనిట్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు, కాంట్రాక్టర్ కింద. మొన్న ఫోన్‌లో అడిగా, నీకు ఏ మెషీన్లు వచ్చో ఎక్కడైనా రాసి ఉందా అని. "లేదు చిన్నాయనా, ఐడీ కార్డు మీద హెల్పర్ అని ఉంది, అంతే" అన్నాడు. పక్కింటి పెద్దాయన లామినేషన్ కాగితం ఫొటో తీసి వాడికి పంపా. రెండు రోజులు ఏ కబురూ లేదు, మూడో రోజు రాత్రి వాట్సాప్‌లో వాడి చేతిరాత ఫొటో ఒకటి వచ్చింది, నోట్‌బుక్ పేజీ మీద నంబర్లేసి వాడికొచ్చిన మెషీన్ల పేర్లు రాశాడు, పద్నాలుగు ఉన్నాయి. కింద రాశాడు, "చిన్నాయనా, దీనికి సర్టిఫికెట్ ఎవరిని అడగాల?"

మన పిల్లలు, తమ్ముళ్లు ఇలాంటి యూనిట్లలో ఉంటే ఒక పేజీ రాయించండి, ప్లీజ్. అక్కడి ఐటీఐల్లో, స్కిల్ సెంటర్లలో ఎవరైనా తెలిసినవాళ్లుంటే నాకు చెప్పండి, వాడికి ఇంకా జవాబు ఇవ్వలేదు.